పులికాట్ ముఖద్వారం మూసేసి మంచినీళ్ల చెరువు చేసేస్తే పోయేదేముంది?

అలిపిరి_మెట్లు

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. సీరియస్‌గానే అడుగుతా ఉండా, ఎగతాళి చేసేవాళ్లు పక్క థ్రెడ్‌కి పొండి.

2022లో జిల్లాలు చీల్చినాక సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట అంతా మన తిరుపతి జిల్లాలో కలిసిపాయె. అప్పట్నించి పేపర్లో జిల్లా పేజీ తిప్పితే చాలు, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోయింది, ఇసుక తియ్యాల, కోట్లు కావాల, ఇదే గోల. నాకు బుర్రకెక్కనిది ఏందంటే, ఆ ఇసుక దానంతట అదే వచ్చి సముద్రాన్ని ఆపేస్తా ఉంటే మనం దుడ్లు పోసి దాన్ని తవ్వి మళ్లీ ఉప్పునీళ్లని లోపలికి పిలవడం ఏంది? ఈడ ఎండాకాలం వస్తే కల్యాణి డ్యామ్ అడుగు కనపడతాది, వీధుల్లో ట్యాంకర్ కోసం బిందెలు లైన్లో పెట్టుకుంటారు. ఆడేమో అరవై కిలోమీటర్ల పొడుగు సరస్సు పెట్టుకుని చుక్క తాగేదానికి పనికిరాదు. ఉండే మూడు దార్లూ గట్టిగా కట్ట వేసి మూసేస్తే నాలుగైదు వానాకాలాలకి ఉప్పు పోయి మంచినీళ్లు కావా? నాయుడుపేటకి, సూళ్లూరుపేటకి, శ్రీసిటీకి, కుదిరితే మనకి కూడా పైప్‌లైన్ వేసుకోవచ్చు. చేపలంటారా, బొచ్చె, రాగండి పిల్లల్ని వదిలితే అవే పెరగతాయి. పక్షులంటారా, నేలపట్టు మంచినీళ్ల చెరువే గదా, ఆడికి గూడబాతులు రావడం ల్యా?

మా చిన్నాయన కొడుకు సివిల్ ఇంజనీరు, వాడు కూడా కాయితం మీద అయితే అయ్యే పనే అన్నాడు. అసలు ఈ ఉప్పునీటి సరస్సు వల్ల పర్యావరణానికి లాభం ఏందో ఎవురన్నా విడమరిచి చెప్పండి. ఊరికే పర్యావరణం పర్యావరణం అని అరిస్తే నాకు అర్థం కాదు సామీ.

ఉప్పు_లెక్క

బ్రో ప్రశ్న మంచిదే, ఎగతాళి చెయ్యను గానీ మీ తమ్ముడి కాయితం మీద ఒక లెక్క వేద్దాం, ఎందుకంటే నీళ్ల విషయంలో పొడుగు వెడల్పు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ, లోతు ఎవరూ అడగరు.

పులికాట్ నిండా నీళ్లున్నప్పుడు దాదాపు 460 చదరపు కిలోమీటర్లు అంటారు, తగ్గినప్పుడు 250 దాకా పడిపోతుంది. సగటు లోతు మీటరు అటూ ఇటూ, అంతే, చాలాచోట్ల మనిషి మోకాలు దాటదు. అంటే నిండుగా ఉన్నప్పుడు మొత్తం నీళ్లు 46 కోట్ల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి భాగిస్తే 16 టీఎంసీ చిల్లర వస్తుంది. మన పక్కనే ఉన్న కండలేరు రిజర్వాయర్ ఒక్కటే 68 టీఎంసీ. ఇక్కడిదాకా కూడా ఓకే, 16 టీఎంసీ అంటే తక్కువేం కాదు అంటారు, కానీ అసలు దెబ్బ ఎండ దగ్గర. మన కోస్తాలో జనవరి నుంచి జూన్ దాకా రోజుకి ఐదారు మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి, ఆరు నెలలకి కలిపితే దాదాపు మీటరు. మీటరు లోతు సరస్సులో మీటరు ఆవిరైతే జూన్‌లో మీ పైప్‌లైన్‌కి వచ్చేది గాలి. వెడల్పాటి తాంబాళంలో పోసి మిద్దె మీద పెట్టిన నీళ్లు ఎంతసేపుంటాయో ఇవీ అంతే. చెన్నై వాళ్లకి కృష్ణా నీళ్లు ఇచ్చేటప్పుడు పులికాట్‌లో కాకుండా కండలేరులో దాచుకుంది ఊరికే కాదు.

ఉప్పు పోతుంది అన్నారు చూడండి, అది ఎక్కడికి పోవాలి? నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. దార్లు మూసేస్తే ఉన్న ఉప్పు బయటికెళ్లే తోవ కూడా పోయినట్టే. అడుగున బురదలో కొన్ని వేల ఏళ్ల ఉప్పుంది, పైగా సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉండే శ్రీహరికోట దీవి అంటే రాతిగోడ కాదు, ఇసుక దిబ్బ, దాని కింద నుంచి సముద్రం ఊరుతూనే ఉంటుంది. ఇప్పుడే చూడండి, సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే పులికాట్ ఉత్తరం కొసన ఎండాకాలంలో అది 50 కూడా దాటుతుంది. సముద్రం కంటే ఉప్పగా! దార్లు సరిగ్గా లేనందువల్లే ఆ గతి. పూర్తిగా మూస్తే వచ్చేది మంచినీళ్ల చెరువు కాదు, ఉప్పు మడి.

ఇంకోటి, అది 1976 నుంచి పక్షుల అభయారణ్యం. అభయారణ్యంలోకి వచ్చే నీళ్లు గానీ బయటికి పోయే నీళ్లు గానీ అనుమతి లేకుండా ఆపకూడదు, మళ్లించకూడదు అని వన్యప్రాణుల చట్టంలోనే ఉంది. మూడు దార్లలో ఒకటి తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఉంది, దాన్ని మూస్తామంటే వాళ్లు ఊరుకుంటారా.

గడకర్ర

మాది సరస్సు ఒడ్డున ఊరు, తడ మండలం. మా నాయన, మా మామ అందరూ వల మీద బతికినోళ్లే, నేను ఒక్కడ్ని చదువుకుని కంపెనీలో పడినా. అలిపిరి అన్న కోపంగా అడగలా, తెలుసుకుందామని అడిగినాడు కాబట్టి చెప్తా.

అన్నా, రొయ్య పుట్టేది సరస్సులో కాదు. తెల్ల రొయ్య గానీ టైగర్ రొయ్య గానీ తల్లి గుడ్డు పెట్టేది సముద్రంలో. ఆ గుడ్డు పగిలి కంటికి కూడా సరిగ్గా ఆనని పిల్ల అయ్యి రెండు మూడు వారాలకి పోటు నీళ్లతో పాటు మొగ, అదే మీరనే ముఖద్వారం, దాంట్లోంచి సరస్సులోకి వస్తాది. ఎందుకొస్తాదంటే ఈడ అల కొట్టదు, లోతు లేదు కాబట్టి పెద్ద చేప వెంటపడదు, అడుగున గడ్డి ఉంటాది, నాచు ఉంటాది, తిండికి కొదవ లేదు. కొన్ని నెలలు ఈడ పెరిగి మళ్లీ అదే మొగ లోంచి సముద్రంలోకి పోయి గుడ్డు పెడతాది. మండ పీత కూడా అంతే, ఆడ పీత గుడ్డుతో సముద్రంలోకి నడుస్తాది. పండుగప్పదీ అదే కథ. అంటే మొగ మూస్తే లోపల ఉండేది బయటికి పోలేదు, బయట పుట్టింది లోపలికి రాలేదు. ఇది సరస్సోళ్ల కష్టం ఒక్కటే కాదన్నా, బయట సముద్రంలో మరబోటు వాడు పట్టే రొయ్యలో కూడా సగం బతుకు ఇట్లాంటి సరస్సుల్లో పెరిగిందే. తిరుపతి మార్కెట్లో కిలో కొనుక్కునేవాడికి ఆ సంగతి తెలీదు.

బొచ్చె పిల్ల వదలమన్నావు. బొచ్చె నీ చెరువులో పెరగతాది, ఆ చెరువుకి ఒక లీజుదారుడు ఉంటాడు, మేత కొనాల, కాపలా పెట్టాల. ఈడ విత్తనం సముద్రం ఇస్తాది, మేత ఏరు తెస్తాది, కాపలా ఎవురూ లేరు. యానాదోళ్ల ఆడోళ్లని చూసినావా ఎప్పుడన్నా? వల లేదు, పడవ లేదు. నడుం లోతు నీళ్లలో వంగి, రెండు చేతులూ బురద మీద పారాడిస్తా పోతారు, రొయ్య వేలికి తగలంగానే పట్టి బుట్టలో వేస్తారు, ఆ తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుని ఉంటారు, చేతులు రెండూ ఖాళీగా ఉండాల గదా. పొద్దున్నించి మిట్టమధ్యాహ్నం దాకా అదే పని, వేళ్లు నీళ్లకి నాని పీత కొండి గీరుకుని పుండ్లు పడతాయి. పైసా పెట్టుబడి లేకుండా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నీళ్ల వల్లే. మంచినీళ్ల ప్రాజెక్ట్ అయితే ముందు ఫెన్సింగ్ వేస్తారు, వాళ్లనే బయటికి తోలతారు. శ్రీహరికోటలో ఒకసారి జరిగింది గదా, రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలో ఉండే యానాదుల్ని కదిపినారు.

ఎండాకాలం ఒకసారి సూళ్లూరుపేట నించి శ్రీహరికోట రోడ్డు మీద పోయి చూడు. రెండు పక్కలా నీళ్లు ఉండాల్సిన చోట తెల్లగా ఉప్పు పొర, దాని మీద ఎనుములు నడిచిపోయిన గుంటలు, మధ్యలో పక్కకి ఒరిగిన పడవ. ఇరకం దీవోళ్లు ఈడికి రావాలంటే పడవే దిక్కు, నీళ్లు తగ్గితే సగం దూరం దిగి తోసుకుంటా రావాల. గడకర్ర గుచ్చితే బురదలో దిగబడి రాదు.

చంద్రగిరి_చిన్నోడు

గడకర్ర అన్న చెప్పినాక నేను చెప్పేది పెద్దగా లేదు, ఒక్క మాట. 2021 నవంబర్ మర్చిపోయినారా అందరూ? రాయలచెరువు కట్టకి లీకు పడిందని చుట్టుపక్కల ఊర్లు ఖాళీ చేయించినారు, స్వర్ణముఖి పొంగి మా పక్క వంతెనలు కొట్టుకుపోయినాయి. వానంతా పైన కొండల్లో పడినా నీళ్లు చివరికి పోవాల్సింది తూర్పుకే గదా. కాళంగి, ఆరణి పొంగితే ఆ నీళ్లు ముందు పులికాట్‌లో పరుచుకుని నిదానంగా సముద్రంలోకి పోతాయి. ఆ దార్లు కట్ట వేసి మూసేస్తే తడ, సూళ్లూరుపేట కాడ ఊర్లు ఏమవుతాయో అలిపిరి బ్రో వాళ్ల ఇంజనీర్ తమ్ముడ్నే అడగమనండి. హైవే కూడా ఆ పక్కనే పోతుంది.

అలిపిరి_మెట్లు

సరే, ఆవిరి లెక్క, రొయ్య పిల్ల సంగతి బాగా ఎక్కినాయి. గడకర్ర అన్నా, పళ్లతో బుట్ట పట్టుకుంటారని నాకు తెలీదు. కానీ పక్షుల సంగతి ఎవురూ చెప్పలా. నేలపట్టు మంచినీళ్లే కదా మరి? ఇంకోటి, వేరే యాడన్నా ఇట్లా మూసినారా? మూసినచోట ఏమైంది?

నాగలాపురం_టీచరమ్మ

పక్షుల సంగతి నేను చెప్తాను, పిల్లల్ని తీసుకెళ్లి చూపించే అలవాటుంది.

నేలపట్టు చెరువు మంచినీళ్లదే, నిజమే. గూడబాతులు అక్కడ నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేస్తాయి, ఎందుకంటే చుట్టూ నీళ్లుంటే పిల్లి, నక్క దగ్గరికి రావు. కానీ పిల్లలకి పెట్టే చేప కోసం అవి ఎగిరిపోయేది పులికాట్‌కే. కాపురం ఒకచోట, వంటిల్లు ఇంకోచోట అన్నమాట. అంత చిన్న చెరువులో వేల పక్షులకి చేప ఎక్కడినించి వస్తుంది చెప్పండి. పొద్దున్నే కాసేపు కట్ట మీద నిలబడితే తెలిసిపోతుంది, పెద్దవి వరసగా తూర్పుకి పోతుంటాయి, గొంతు సంచి నింపుకుని వచ్చినవి వాలగానే పిల్లలు తల మొత్తం తల్లి నోట్లో దూర్చేస్తాయి, మా పిల్లలు అది చూసి మిస్ మిస్ మింగేస్తోంది అని అరుస్తారు ప్రతిసారీ.

ఫ్లెమింగోల సంగతి వేరే. వాటి ముక్కు చూశారా, మధ్యలో వంగి ఉంటుంది. తల కిందులుగా పెట్టి ముక్కుతో నీళ్లు బురద కలిపి లోపలికి లాగి బయటికి తోస్తాయి, అందులో నాచు, పురుగంత రొయ్యలు లోపల ఆగిపోతాయి. ఆ తిండిలో ఉండే రంగే ఒంటికి పట్టి గులాబీ రంగు వస్తుంది. ఆ తిండి దొరికేది ఉప్పునీళ్లలో, బురద నేల మీద, మోకాలు లోతులో. గుజరాత్ కచ్ రణ్‌లో గుడ్లు పెట్టే పక్షులు ఇంత దూరం ఇట్లాంటి నీళ్లు వెతుక్కునే వస్తాయి. కట్ట వేసి లోతు పెంచి మంచినీళ్లు చేస్తే అవి వాలవు, మనం సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అని పెట్టుకునే పండగకి ఫ్లెక్సీల్లోనే కనిపిస్తాయి.

మూసినచోటు అడిగారు కదా, కేరళలో ఉంది. వెంబనాడ్ సరస్సుకి అడ్డంగా 1970ల్లో తన్నీర్‌ముక్కం దగ్గర బండ్ కట్టారు, ఉప్పునీళ్లు కుట్టనాడు వరి పొలాల్లోకి రాకుండా. ఆ పొలాలు సముద్ర మట్టానికి కింద ఉంటాయి, వాళ్ల బాధ వాళ్లది, తప్పు పట్టలేం. వరి పండింది కూడా. కానీ గేట్లు మూసి ఉన్న నెలల్లో లోపల నీళ్లు కదలవు, ఎరువులు మందులు అక్కడే పేరుకుంటాయి, గుర్రపుడెక్క కమ్మేస్తుంది. ఉప్పు తగిలితే చచ్చే కలుపు అది, ఉప్పు రాకపోయేసరికి దానికి అడ్డు లేదు. రొయ్య, చేప రాకపోకలు ఆగిపోయి జాలర్లు దెబ్బతిన్నారు. గేట్లు ఎప్పుడు తెరవాలి అని రైతులకీ జాలర్లకీ ఇప్పటికీ గొడవే.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. ఉప్పు సరస్సుల అడుగు బురదలో, ఒడ్డు ఉప్పు మొక్కల్లో, నీటి గడ్డిలో కార్బన్ బాగా నిల్వ ఉంటుంది, ఆ బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి కుళ్లడం చాలా నిదానం. మంచినీళ్ల బురదలోనూ నిల్వ ఉంటుంది కానీ అక్కడ మీథేన్ ఎక్కువ పుడుతుంది. ఉప్పునీళ్లలో సల్ఫేట్ ఉంటుంది, దాన్ని వాడుకునే సూక్ష్మజీవులు మీథేన్ చేసేవాటికి తిండి మిగల్చవు. అందుకని ఉప్పు సరస్సుని మంచినీళ్లది చేస్తే భూమి వేడికి మనం ఒక చెయ్యి వేసినట్టే. ఈ ముక్క పిల్లలకి చెప్తే నోరెళ్లబెట్టారు, ఉప్పుకి ఇంత కథ ఉందా అని.

చేపల చెరువుల మాట కూడా ఎత్తారు. 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల కేసులో ఒడిశాలోని చిలికా, మన పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు పెట్టకూడదని చెప్పింది, నేలపట్టు పేరు కూడా అందులో ఉంది. చెరువుల్లోంచి వదిలే మురికి నీళ్లు సరస్సులోకి వస్తాయనీ, చుట్టుపక్కల బావులు ఉప్పెక్కుతాయనీ. అమలు ఎంత అన్నది వేరే థ్రెడ్ పెట్టుకోవాలి.

ఇసుక_పోగు

అందరూ బాగా చెప్పారు, మూయకూడదు అన్నదాంట్లో నాకేం పేచీ లేదు. కానీ అలిపిరి బ్రో మొదటి లైన్లో అడిగింది ఎవరూ పట్టించుకోలా, తవ్విన ఇసుక మళ్లీ వచ్చేస్తుంటే కోట్లు పోసి తవ్వడం ఎందుకు అని. అది కరెక్ట్ ప్రశ్నే.

అసలు ముఖద్వారం ఎందుకు పూడుతుందంటే, మన తూర్పు తీరంలో అలలు ఇసుకని ఒడ్డు వెంబడే లాక్కుపోతుంటాయి, సంవత్సరంలో ఎక్కువ నెలలు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి. మధ్యలో సరస్సు నోరు కనపడితే దాన్ని పూడ్చుకుంటూ పోతాయి. దాన్ని తెరిచి ఉంచాల్సింది రెండే, ఒకటి ఆటుపోటు, రెండోది లోపలినించి తోసుకొచ్చే వరద. మన దగ్గర ఆటుపోటు తేడా మీటరు దాకా కూడా సరిగ్గా ఉండదు, గుజరాత్ లాగా కాదు, కాబట్టి దానికి అంత బలం లేదు. మిగిలింది వరద. ఆ వరదని పైన మనమే ఆపేశాం, పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ ప్రాజెక్ట్, దారిపొడుగునా చెరువులు, చెక్‌డ్యాములు, బోర్లు. నదిలో నీళ్లు సముద్రంలో కలిసి వృథా అంటాం కదా, ఆ వృథా నీళ్లే ముఖద్వారం తవ్వే కూలీలు. కూలీలని ఆపేసి పొక్లెయిన్ పెడుతున్నాం.

చిలికా ఉదాహరణ అందరూ చెప్తారు, నేనే చెప్తాను. అక్కడ కూడా పాత నోరు పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ (అంతర్జాతీయంగా ముఖ్యమైనవిగా గుర్తించిన) చిత్తడి నేలల లిస్టులోకి ఎక్కింది. 2000 సెప్టెంబర్లో కొత్త నోరు తవ్వారు. ఏడాదికి 1,700 టన్నుల చుట్టుపక్కల ఉన్న చేపల పట్టు రెండేళ్లలో 11 వేలు దాటింది, 2002లో ఆ లిస్టులోంచి బయటికి వచ్చింది. బ్రహ్మాండమే. కానీ చిలికాకి పైనించి మహానది పాయల నీళ్లు వస్తాయి. పులికాట్‌కి వచ్చేవి వానాకాలం ఏర్లు. అక్కడ పనిచేసిన మందు ఇక్కడ అదే మోతాదులో పనిచేస్తుందని నేను నమ్మను.

పోనీ ముఖద్వారానికి రెండు పక్కలా రాళ్ల గోడలు కడదామా అంటే ఇసుక గోడకి ఒకవైపు పేరుకుని ఇంకోవైపు ఊళ్ల కింద నేల కోసుకుపోతుంది. చెన్నై పోర్టు కట్టినాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పైంది, ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఒడ్డు కొట్టుకుపోయింది, వందేళ్ల పైనించి కళ్లముందున్న పాఠం.

గడకర్ర

ఇసుక_పోగు సార్, మీరు చెప్పింది కాదనను. వరద తగ్గిందనేది మా నాయన కూడా అంటాడు, ఆయన భాషలో ఏరు రావడం మానేసింది అంటాడు. దాంతో పాటు రోడ్డు కూడా చెప్పాల. సూళ్లూరుపేట నించి శ్రీహరికోట దాకా సరస్సు మధ్యలో గట్టు పోసి రోడ్డు వేసినాక దక్షిణం నీళ్లు ఉత్తరానికి మునుపట్లా పోవు. ఉప్పు_లెక్క అన్న చెప్పినాడే ఉత్తరం కొసన ఉప్పు ఎక్కువని, దానికి ఇది కూడా ఒక కారణం. రాకెట్లు వద్దని కాదు, మావోళ్లు కూడా లాంచ్ రోజు పడవ ఆపి చూస్తారు, చప్పట్లు కొడతారు. ఆ గట్టుకి కింద నీళ్లు పొయ్యే తూములు ఇంకా పెంచాల అని మాత్రం అడుగుతా ఉండాం.

కానీ సార్, వరద తిరిగి వచ్చేదాకా ఆగండి అంటే పిల్ల రొయ్య ఆగదు గదా. ఉత్తరాన రాయదొరువు, కొండూరుపాలెం మొగలు సగం ఏడాది ఇసుకే. ఆ పక్క జాలరి దక్షిణానికి వస్తాడు, దక్షిణాన తమిళనాడు వాళ్లు మా నీళ్లు అంటారు, వలలు లాక్కుంటారు, పడవలు పట్టుకుంటారు, రెండు రాష్ట్రాల ఆఫీసర్లు కూర్చుని మాట్లాడాల. తమిళనాడు పక్క ఊర్లల్లో పాడు అని ఒక పద్ధతి ఉంటాది, ఏ రోజు ఏ ఊరోళ్లు యాడ వల కట్టాలని వంతులు వేసుకుంటారు, అది పాతకాలం నించి నడిచే కట్టుబాటు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వంతులు నడుస్తాయి, చేప తగ్గితే వంతు తప్పేవాడు పెరగతాడు. మొగ పూడితే ఊర్ల మధ్య కొట్లాట కూడా దాంతోనే వస్తాది.

అలిపిరి_మెట్లు

గడకర్ర అన్నా, మరి ఏ నెలలో తవ్వితే నిలబడతాదంటారు మీ నాయన వాళ్లు? ఇసుక_పోగు సార్ కూడా చెప్పండి. వచ్చే జనవరిలో ఫ్యామిలీతో ఆ పక్క వద్దామనుకుంటా ఉండా, అప్పుడు మొగ కూడా చూడొచ్చా?

ఇసుక_పోగు

ఎండాకాలంలో తవ్వితే దండగ. సరస్సులో నీటి మట్టం తక్కువ, తోసే బలం లేదు, రెండు నెలల్లో అల తెచ్చి పూడ్చేస్తుంది. తవ్వేదేదో సెప్టెంబర్ చివరికల్లా పూర్తి చేసి ఉంచితే అక్టోబర్, నవంబర్ వానలకి లోపల మట్టం పెరిగి ఆ నీళ్లే దారిని కోసి వెడల్పు చేస్తాయి. తీసిన ఇసుకని పక్కనే గుట్ట పోస్తే మళ్లీ అందులోకే జారుతుంది, దూరంగా, కోత పడే ఒడ్డున పొయ్యాలి. టెండర్లు మాత్రం మార్చి బిల్లులకి అందేటట్టు పిలుస్తారు మన దేశంలో.

గడకర్ర

మా నాయన మాట కూడా అదే, సరస్సు నిండి ఇసుక మీదికి ఎక్కబోయే రోజు చూసి పారతో ఒక కాలవ గీస్తే చాలు, తెల్లారేలోపు ఏరంత అవుతాదంటాడు. వయసులో ఉన్నప్పుడు ఊరోళ్లంతా పోయి చేసినారంట.

జనవరిలో రాన్నా. పక్షులకి అదే టైము. నాయుడుపేట మీదుగా వచ్చి ముందు నేలపట్టు చూసుకో, ఎండ ముదరక ముందే రా, తర్వాత సూళ్లూరుపేట నించి శ్రీహరికోట రోడ్డు మీద ఫ్లెమింగోలు కనపడతాయి, కారు దిగి దగ్గరికి నడవద్దు, లేచి పోతాయి. లాంచ్ ఉండే రోజు అయితే రోడ్డు మీద చెకింగ్ గట్టిగా ఉంటాది, తేదీ చూసుకుని బయల్దేరు. మొగ కాడికి ఫ్యామిలీతో కష్టం, దానికి వాకాడు పక్క నించి పోవాల, దారి ఇసుక. భీములవారిపాలెం కాడికొచ్చి మెసేజ్ పెట్టు, మా మామ పడవ ఉంటే ఇరకం దాకా పోయొద్దాం, నీళ్లుంటే.